చెక్కపిండి కాల్చిన రోజులు

నేను నేతపని వాళ్ల ఇంట్లో పుట్టాను. మా నాన్నకు నన్ను మగ్గం గుంతలో దించాలని ఉండేది. మూడేళ్లు దిగాను కూడా. కాళ్లు మగ్గం తొక్కేవి గాని మనసు ఎప్పుడూ వీధిలోనే ఉండేది. నేను నేసిన చీరను చూసి, అమ్మడానికి మొహం చెల్లక, ఆయనే నన్ను చదువుకోమని బయటికి పంపించాడు. ఆ చదువు ఎక్కడెక్కడో తిరిగి చివరికి నన్ను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరును చేసింది. మైదుకూరు నుంచి కర్నూలు పోయే బాట మీద ఒక చిన్న ఊళ్లో నా ఉద్యోగం. రెండు గదులు, ఒక వరండా, ఎద్దులను కట్టి మందు పోసే కొయ్యల చట్రం, ఇదీ ఆసుపత్రి.

చేరిన నెలలోనే నన్ను ఎవరూ లెక్కచెయ్యరని తెలిసిపోయింది. గొడ్లను నమ్ముకుని బతికే పల్లెల్లో ఫలానావాడు మగ్గం ఇంటి నుంచి వచ్చాడన్న సంగతి దాగుతుందా? సూది తీసుకుని ఎద్దు దగ్గరికి పోతే చాలు, ఎవరో ఒకరు అందుకునేవాళ్లు.

"ఏమప్పా కాంపౌండరూ, ఎద్దుకు సూది ఏస్తాండావా, చీరకు అంచు కుడతాండావా?"

నాకు ముక్కు మీద కోపం. ఎదురు మాట అనకుండా ఉండలేను. "కుట్టేది నీ నోరప్పా" అని ఒకసారి అన్నందుకు ఆ పెద్దమనిషి ఆరు నెలలు ఆసుపత్రి గడప తొక్కలేదు. డాక్టరుగారు నన్ను మందలించారు. ఆయన చాలా నెమ్మదస్తుడు. చుట్టుపక్కల మూడు ఆసుపత్రులకు ఆయన ఒక్కరే. అందుకని నెలలో సగం రోజులు గుర్రపు బండిలోనే ఉండేవారు. ఆయన లేనప్పుడు ఆసుపత్రికి నేనే డాక్టరును, నేనే కాంపౌండరును, నేనే ఊడ్చేవాణ్ణి.

అవి యుద్ధం రోజులు. దానికి తోడు వరసగా రెండేళ్లు వాన లేదు. జొన్నచొప్ప దొరకడమే గగనమైపోయింది. మామూలు రోజుల్లో ఎద్దులకు నూనె తీసిన శెనక్కాయ చెక్కను దిమ్మలుగా కొని, పగలగొట్టి నానబెట్టి పెట్టేవాళ్లు. దిమ్మలో మోసానికి చోటు తక్కువ, చూస్తేనే తెలిసిపోతుంది. ఆ కరువులో దిమ్మలు ఎటు పోయాయో గాని మాకు వచ్చేది గోతాల్లో పొడి. దాన్నే చెక్కపిండి అనేవాళ్లు. దొరికిందే భాగ్యమని కొనుక్కుపోయేవాళ్లు.

ఆ ఎండాకాలంలో పక్క తాలూకాలో ముసర రోగం లేచింది. అది వచ్చిందంటే ఊరికి ఊరే గొడ్లు లేకుండా పోతుంది. రోగం మా వైపు రాకముందే డాక్టరుగారూ నేనూ ఊరూరా తిరిగి సూదులు వేశాం. మా ఊరికి కోసెడు దూరంలో ఉన్న ఒక పల్లెలో జనాన్ని ఒప్పించడానికే ఒక పూట పట్టింది. పొద్దు వాలుతోందని చెరి సగం పంచుకున్నాం. నా వంతుకు పదకొండు ఎద్దులు వచ్చాయి. ఒక్క సూదీ వంకర పోలేదు. తిరిగి వస్తూ డాక్టరుగారు "చెయ్యి కుదిరిందయ్యా నీకు" అన్నారు. ఆ మాటను వారం రోజులు మనసులో తిప్పుకుంటూ తిరిగాను.

తొమ్మిదో రోజు పొద్దున ఆ పల్లె నుంచి కబురు వచ్చింది. రెండు ఎద్దులు పడిపోయాయి. రెండూ నేను సూది వేసినవే.

డాక్టరుగారు రాయచోటి పక్క క్యాంపులో ఉన్నారు. తంతి కొట్టినా వచ్చేసరికి మర్నాడవుతుంది. తంతి ఇచ్చి నేను సైకిలెక్కాను. దారి పొడుగునా నా చేతులే నాకు కనిపించాయి. సూది సరిగా ఉడకబెట్టానా? మందు ఎక్కువ పోయిందా? ఎంత గుర్తు చేసుకున్నా తప్పు దొరకలేదు. తప్పు దొరకకపోతే ధైర్యం రావాలి గాని నాకు భయమే పెరిగింది.

మొదటి ఎద్దు ఊరి మొదట్లో ఉన్న ఒక రైతుది. అరవై దాటిన మనిషి, బక్కపలచగా, గడ్డం మాసిపోయి ఉన్నాడు. ఆయనకు ఉన్నది ఒక్కటే జత. ఆ జతలో ఒకటి గాడి ముందు పడి ఉంది. రెండోది, డాక్టరుగారు సూది వేసినది, దాని పక్కనే కట్టుకొయ్య దగ్గర నిలబడి, పడినదాన్ని వాసన చూస్తోంది. పడినదాని పొట్ట అప్పుడే ఉబ్బింది. ముక్కులోంచి నల్లటి నెత్తురు కారి ఉంది, గడ్డకట్టలేదు. అది చూడగానే నాకు అనుమానం తగిలింది. డాక్టరుగారు పుస్తకంలో చూపించిన దొమ్మ రోగం లక్షణాలు అవే.

"రాత్రి మేత తినిందప్పా" అన్నాడు రైతు. "తెల్లార్తో లేసి చూస్తే ఇట్ల పడుండాది. నీ సూది పడి పది దినాలు గాలేదు. డాక్టరు ఏసినవి బాగానే ఉండాయి. నువ్వు ఏసినవే పాయ. ఏం మందు ఏసినావు దానికి?"

అప్పటికే ఊరంతా గుమిగూడింది. నేను ఆ ఎద్దు చెవి నుంచీ, రెండో ఇంటి ఎద్దు చెవి నుంచీ నెత్తురు చుక్క తీసి గాజుపలకల మీద పూసుకున్నాను. ఇది దొమ్మలా ఉందని, పొట్ట కొయ్యొద్దని, తోలు ఒలవొద్దని, నిలువెత్తు గుంత తవ్వి సున్నం పోసి పూడ్చాలని చెప్పాను. అసలే మండుతున్న మనుషులకు అది ఇంకో దెబ్బ.

"ఎద్దును సంపితివి, తోలు గూడా దక్కనీయవా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

నేను అరవలేదు. అది నా గొప్పే అనుకోవాలి. ఆ పది రోజుల్లో గొడ్లకు కొత్తగా ఏం పెట్టారని ఇంటింటా అడిగాను. నేను సూది వేసిన పదకొండింటిలో తొమ్మిది బాగున్నాయి. ఆ తొమ్మిదీ చొప్పా, బోద గడ్డీ తిన్నవే. పోయిన రెండిళ్లలోనూ పోయిన సంతలో కొన్న చెక్కపిండి ఉంది. రెండూ ఒకే సావుకారు దగ్గర కొన్నవి.

డాక్టరుగారు ఒకసారి మాటల్లో చెప్పిన సంగతి అప్పుడు తట్టింది. దొమ్మతో చచ్చిన గొడ్డు ఎముకల్లో కూడా ఆ రోగం ఏళ్ల తరబడి చావకుండా ఉంటుందట. ఆ ఎముకల పొడి మేతలో కలిస్తే మళ్లీ లేస్తుందట. ఎముకల వ్యాపారం మా దిక్కున బాగానే ఉండేది. కరువులో చచ్చిన గొడ్ల ఎముకలు బీళ్లలో ఏరి, పొడి కొట్టి, తోటలకు ఎరువుగా రైలుకెక్కించేవాళ్లు. ఎర్రగుంట్ల దారిలో ఆ బండ్లు ఎదురైతే జనం ముక్కు మూసుకునేవాళ్లు.

పిండిలో ఎముక ఉందని ఎట్లా చూపించడం? మాకు యంత్రాలు లేవు. అయితే మా అమ్మ నేర్పిన పని ఒకటి ఉంది. మా నేత ఇళ్లలో పట్టు అంచు చీరలు నేసేవాళ్లం. నకిలీ పట్టు బజారులోకి వచ్చాక, నేత సావుకారు పట్టు అని ఇచ్చిన పోగును మా అమ్మ ఊరికే నమ్మేది కాదు. కొస తుంచి దీపం దగ్గర కాల్చేది. నూలైనా నకిలీదైనా కాగితం కాలిన వాసన వస్తుంది. అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసన. "పానమున్న దాన్నుంచి వచ్చింది ఏదైనా అట్లనే కాలుతాది" అనేది. ఎముక మాత్రం పానమున్న దాన్నుంచి రాలేదా?

నేను రైతు ఇంటి మూల ఉన్న గోతం దగ్గరికి పోయాను. దాని మీద గొంగడి కప్పి ఉంది. గొంగడి లాగి, చిటికెడు పిండి తీసి, పొయ్యిలోంచి ఒక నిప్పు తెప్పించి, అందరూ చూస్తుండగా దాని మీద చల్లాను. కమురు వాసన గుప్పుమంది. వెంట్రుక కాలిన వాసనే. నాకు రొమ్ము పొంగింది.

"చూసినారా?" అన్నాను గట్టిగా. "మేతకు ఈ వాసన రాదు. దీంట్లో ఎముక ఉంది. మీ ఎద్దులను చంపింది ఈ పిండి. రెండోదానికి దీన్ని ఇంక పెట్టొద్దు."

రైతు వంగి గొంగడి అందుకున్నాడు. దాని అంచు నుంచి నాలుగు వెంట్రుకలు పీకాడు. నిప్పు మీద వేశాడు. అదే వాసన. తర్వాత గోతం మూతి దగ్గరి పిండిని వేళ్లతో చెదిరి నా ముందు పెట్టాడు. పిండిలో గొంగడి బొచ్చు సన్నగా, నల్లగా కలిసిపోయి ఉంది. సంత నాటి నుంచీ ఆ గోతం మీద పరిచిన గొంగడి అది.

ఎవరో నవ్వారు. ఆపైన అందరూ నవ్వారు.

"గొంగడిగ్గూడా దొమ్మ వచ్చినాదేమో సూడప్పా!"

"మగ్గం కాడికి పోప్పా, ఈడేం పని నీకు!"

రైతు మాత్రం నవ్వలేదు. ఆయన నవ్వి ఉంటే నాకు తేలికగా ఉండేది. "ఇంగ నీ చెయ్యి నా గొడ్డు మీద పడగూడదు" అని ఒక్కటే మాట అన్నాడు. ఆ రాత్రే ఎద్దును పోగొట్టుకున్న మనిషి ముందు నేను గారడీ చేసి ఓడిపోయాను. తల కొట్టేసినట్టయింది. సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూనే ఊరు దాటాను. ఈ ఊరు ఇంక సూది వేయించుకోదు, ఈ ఊరిని చూసి పక్క ఊరు వేయించుకోదు, ముసర వచ్చి అందరి గొడ్లనూ ఊడ్చిపెడుతుంది. అదంతా నా చేతి మీదుగా జరుగుతుంది. రెండో ఎద్దు కూడా ఆ పిండే తింటుంది. అప్పటికి నా తలలో ఉన్నది ఇదే. ఉద్యోగం పోతుందన్న ఆలోచన మర్నాటికి గాని రాలేదు.

మర్నాడు నేను ఆసుపత్రి తలుపు తీసేసరికి వరండాలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఆ రైతు భార్య. కోసెడు దూరం నడిచి వచ్చింది. కొంగు ముడి విప్పి నా ముందు పెట్టింది. అందులో గుప్పెడు పలుకులు. ఆవాలంత కొన్ని, ఇసుకంత కొన్ని, తెల్లగా, బూడిద రంగులో.

"కుడితి కలిపేటప్పుడు తొట్టి అడుగున ఇవి తగులుతాండాయి నాయనా" అంది. "ఇసకేమోలే అని పారబోస్తాంటి. నిన్న నువ్వు పోయినాక, కొర్రబియ్యం గాలించినట్ల ఒక శేరు పిండిని చాటంత తట్టలో ఏసి నీళ్లు పోసి గాలించినా. గొంగడి బొచ్చు, పొట్టు అంతా తేలి పాయ. అడుగున ఇవి నిల్చినాయి. ఇసక ఇంత తెల్లగ ఉంటాదా?"

నిన్న నా తలలో వెయ్యి ఆలోచనలు తిరిగాయి. నీళ్లలో గాలించాలన్న ఒక్క ఆలోచన రాలేదు. రోజూ రెండు పూటలా రాళ్లు గాలించి అన్నం వండే మనిషికి అది ఆలోచించాల్సిన పనే కాదు.

"నిన్నటి నించి ఉండే ఎద్దుకు ఆ పిండి పెట్టల్యా" అని కూడా చెప్పింది. "బోదే పెట్టినా. ఆయప్ప తిట్టినాడు, తిట్టనీ."

కుంపటి రగిలించాను. ఆమె తెచ్చిన పలుకులు ఒక రేకు మీద పోసి కుంపటి మీద పెట్టాను. మొదట పసుపుపచ్చగా అయ్యాయి, తర్వాత నల్లబడ్డాయి, ఆపైన కమురు వాసన లేచింది. ఈసారి గొంగడి లేదు. ఇంకా సేపు ఉంచితే నలుపు పోయి సున్నంలా తెల్లబడ్డాయి. గోటితో నొక్కితే పొడి అయ్యాయి. పోల్చడానికి పక్కన వేసిన వంకలోని ఇసుక మాత్రం వాసన లేకుండా, రంగు మారకుండా అట్లాగే ఉంది. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దగ్గరికి వంగి చూసింది.

"బొమికలేనా నాయనా?" అంది.

"బొమికలేనమ్మా."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నా చేత్తో కలిపి తాపినా గదా దానికి" అంది. నిన్న పొద్దుటి నుంచీ నేను మోస్తున్న మాటనే ఆమె పైకి అంది. "నీ తప్పేముందమ్మా, నీవల్లనే రెండోది బతికింది" అన్నాను. ఆ మాట అప్పటికి ఆశ మాత్రమే.

పెళ్లాం కనబడక వెతుక్కుంటూ రైతు ఆసుపత్రికే వచ్చాడు. రావడం కోపంగానే వచ్చాడు. ఆమె తన చేతులతో మళ్లీ ఒక చిటికెడు కాల్చి చూపించింది. ఆయన తెల్లబడిన పలుకును వేళ్ల మధ్య నలిపి చూసుకున్నాడు.

"పిండి సంగతి సరే" అన్నాడు చివరికి. "సూది సంగతేంది?"

అది తేలాలంటే నెత్తురు పూసిన గాజుపలకలు మద్రాసు పోయి, అక్కడ పరీక్ష జరిగి, ఉత్తరం రావాలి.

మధ్యాహ్నానికి డాక్టరుగారు దిగారు. జరిగింది చెప్పాను, గొంగడి సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆయన నవ్వలేదు. మమ్మల్ని అందరినీ వెంటబెట్టుకుని నేరుగా సావుకారు గోడౌనుకు నడిచారు.

సావుకారు నిష్ఠగల మనిషి. పొద్దున స్నానం, పూజ కానిది గుక్కెడు నీళ్లు ముట్టడని ఊరంతా చెప్పుకునేవాళ్లు. ఎముక అన్న మాట వినగానే రెండు చెవులూ మూసుకున్నాడు.

"గోమాత నోట్లో బొమికలు పోస్తానా డాక్టరుగారూ? నా బిడ్డల మీద ఒట్టు! నేను బొమికను కంటితో గూడా సూడను!"

ఆయన అబద్ధం ఆడుతున్నట్టు నాకు అనిపించలేదు. అందుకే ఇంకా చిరాకు పుట్టింది. గోతాలు విప్పించి చూశాం. నాలుగింటిలో పలుకులు ఉన్నాయి, మిగతావి బాగున్నాయి. ఎక్కడి నుంచి వచ్చాయో అంతు చిక్కలేదు. గోడౌను ఊడ్చే ఒక ముసలామె చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. చాలాసేపు చూసి, ఇంక పట్టలేక అంది.

"ఆ ఎనకపక్క సూడండి సామీ."

గోడౌను వెనక సగానికి వెదురు తడిక అడ్డం కట్టి ఉంది. ఆ సగాన్ని సావుకారు ఎముకల కంట్రాక్టరుకు అద్దెకు ఇచ్చాడు. ఇచ్చిన రోజు నుంచీ తడిక అవతలికి ఆయన అడుగు పెట్టలేదు, అటు తిరిగి చూడలేదు, చూస్తే స్నానం చెయ్యాలి. అవతలి గుట్ట పెరిగి పెరిగి తడికను తోసింది. తడిక కింద నుంచి ఎముకల పొడి జానెడు మందాన ఇటు పారింది. చెక్కపిండి గోతాలు చిరిగి ఒలికినప్పుడల్లా కూలీలు నేల మీద ఉన్నదంతా ఊడ్చి తిరిగి గోతాల్లో నింపారు. ఒలికింది వదలొద్దని సావుకారే వాళ్లకు చెప్పి ఉన్నాడు.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని డాక్టరుగారు అడిగారు.

"మమ్మల్ని ఎవురడిగినారు సామీ?" అంది ఆమె. "ఆ పక్క సంగతి ఎత్తితేనే సావుకారు ఎగిరి పడతాడు. అంటు అంటాడు."

సావుకారు ఆ తడిక ముందు అట్లాగే కూలబడ్డాడు. అంటు తగులుతుందని చూడని చోటే ఆయన చేటు పెరిగింది. ఆయన్ని నాలుగు తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూశాక తిట్టలేకపోయాను. రైతు మాత్రం ఒకే మాట అన్నాడు. "సూడాల్సింది సావుకారూ. ఒక్కతూరి తొంగి సూడాల్సింది." ఆ పిండినంతా ఆ సాయంత్రమే ఊరి బయట గుంతలో పోసి తగలబెట్టి సున్నం పోశాం. సావుకారే దగ్గరుండి పోయించాడు.

పది రోజులకు మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. చచ్చిన రెండు ఎద్దులకూ వచ్చింది దొమ్మ రోగమే. సూదికి దానికి సంబంధం లేదు. డాక్టరుగారు పల్లెకు పోయి ఉత్తరం చదివి, తెలుగులో చెప్పారు. నన్ను చూసి నవ్విన వాళ్లు నేల చూపులు చూశారు. నేను వాళ్ల వంక బాగా తేరిపార చూశాను, అంత మంచితనం నాకు లేదు. రైతు అంతా విని, తల ఊపి, నా పక్క నుంచే లోపలికి పోయాడు. ఆయన రెండో ఎద్దు మాత్రం గాడి దగ్గర దిట్టంగా నిలబడి ఉంది.

డాక్టరుగారు పైవాళ్లకు రిపోర్టు రాశారు. అందులో నీళ్లలో గాలించి, నిప్పు మీద కాల్చే పద్ధతి అంతా వివరంగా ఉంది. చేసినదెవరో లేదు. నాకు కోపం వచ్చింది.

"ఆమె పేరు లేదేమండీ?"

"రిపోర్టుల్లో ఇట్లాంటివి రాయరయ్యా."

"గాలించింది ఆమె. నేను బొచ్చు కాల్చి నవ్వులపాలైనవాణ్ణి. అది రాయకపోతే ఇది అబద్ధపు రిపోర్టండీ."

నేను అంత మాట అన్నందుకు ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. పేరు రాయలేదు గాని, ఒక వాక్యం కలిపారు, ఒక రైతు భార్య గాలించి తీసిన పలుకుల వల్ల ఇది బయటపడిందని. ఆ ఒక్క వాక్యం రాయించినందుకు నాకు ఈ రోజుకూ గర్వమే.

తర్వాత తాలూకాకు ఆర్డరు వచ్చింది. ఎముకలూ మేతా ఒకే కప్పు కింద ఉండకూడదు. ఎముకల గోతాల్లో మేత నింపకూడదు. చెక్కపిండి సంతలోకి పోకముందే ప్రతి లాటు నుంచీ ఒక శేరు పశువుల ఆసుపత్రికి రావాలి. పరీక్ష చేసి చీటీ మీద సంతకం చేసేది కాంపౌండరు. అంటే నేనే! మా ఆసుపత్రి వరండాలో ఒక తట్ట, ఒక బాన, ఒక కుంపటి, ఒక రేకు పెట్టుకున్నాను. పిండి గాలిస్తాను, అడుగున నిలిచింది ఆరబెడతాను, రేకు మీద కాలుస్తాను. వాసన లేకపోతే సంతకం. ఉంటే లాటు లాటంతా గుంతలోకి. ఒకసారి ఒక లాటులో అడుగున గుప్పెడు పలుకులు నిలిచాయి, కాల్చితే వాసన రాలేదు. అది నాపరాళ్ల పొడి, తూకానికి కలిపింది. రోగం లేదు గదా, సంతకం పెట్టమని ఆ వర్తకుడు నా నెత్తిన కూర్చున్నాడు. "రాళ్లు తినే ఎద్దును తెచ్చి చూపించు, పెడతాను" అన్నాను. పెట్టలేదు.

జనం నాకు 'పిండి కాల్చే అయ్యోరు' అని పేరు పెట్టారు. మొదట్లో మండేది. తర్వాత్తర్వాత సంతలో ఎవరైనా "అయ్యోరు కాల్చిన పిండేనా?" అని అడగడం వింటే లోపల చక్కిలిగింత పెట్టినట్టుండేది. ఆడవాళ్లయితే నా సంతకం కోసం కూడా ఆగలేదు. ఆ రైతు భార్య చెప్పగా చెప్పగా చుట్టుపట్ల పల్లెల్లో కొత్త పిండి ఇంటికి వస్తే మొదట గాలించి, ఒక చిటికెడు పొయ్యిలో వేసి చూడటం అలవాటైపోయింది. నేను ఉన్నన్నాళ్లూ మా తాలూకాలో మేత వల్ల దొమ్మ మళ్లీ రాలేదు. ఇది గొప్ప చెప్పుకోవడమే. చెప్పుకోవాలి కూడా.

ఇంత జరిగినా ఆ పల్లెలో ఒక్క ఇల్లు నాకు ముల్లులా ఉండేది. ఆ రైతు మళ్లీ ఆసుపత్రికి రాలేదు. ఆ ఏడు తన ఒంటి ఎద్దును ఇంకొకరి ఒంటి ఎద్దుతో జత కట్టి దున్నుకున్నాడని విన్నాను. ఆయన భార్య సంతలో కనిపిస్తే పలకరించేది, ఆయన మాత్రం దూరం నుంచే తల తిప్పుకునేవాడు. కాగితం వచ్చి నా చేతిని కడిగేసింది గాని, ఆయన నోటి నుంచి వచ్చిన మాట అట్లాగే ఉండిపోయింది. 'ఇంగ నీ చెయ్యి నా గొడ్డు మీద పడగూడదు.' సూది పట్టుకున్న ప్రతిసారీ ఆ మాట వినిపించేది.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. దొమ్మకు ముందు జాగ్రత్తగా వేసే సూది మందు మాకు వచ్చింది. అదే పల్లెలో మొదలుపెట్టాలని డాక్టరుగారు పట్టుబట్టారు. చావిడి ముందు బల్ల వేసుకుని కూర్చున్నాం. జనం గొడ్లను తోలుకుని వచ్చి డాక్టరుగారి వైపే వరసగా నిలబడ్డారు. పిండికి నన్ను నమ్మారు గాని, సూదికి నా వైపు ఎవరూ లేరు. సూదులు ఉడకబెట్టి ఆయనకు అందిస్తూ, తలెత్తకుండా పని చేసుకుంటున్నాను.

వరసలో ఆ రైతు వంతు వచ్చింది. వెనక ఆయన భార్య. ఆయన చేతిలో జత పలుపులు ఉన్నాయి, పాత ఎద్దు, దాని పక్కన అప్పుడే కొన్న పాలపళ్ల కోడె. డాక్టరుగారు సూది తీసుకుని ముందుకు వంగారు. రైతు కోడెను వెనక్కి లాగాడు.

"మీరొద్దు డాక్టరుగారూ" అన్నాడు. ఊరంతా వినేటట్టే అన్నాడు. "ఈ కోడెకు ఆయప్ప ఏయాల. ఆయప్ప చెయ్యే పడాల దీని మీద."

లేచి సూది అందుకున్నాను. మందు కొలత ఇంకోసారి సరిచూసుకున్నాను. ఆయన తొందరపెట్టలేదు. కోడె మెడ కింద చెయ్యి వేసి, దాని తలను తన రొమ్ముకు ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. నేను సూది వేశాను. ఆయన దాని మెడ నిమిరి, పాత ఎద్దు పలుపు కూడా నా చేతికి ఇచ్చాడు.